లేవి చెరువు చుట్టూ ఉరికిన పొద్దు

మా ఎర్రగట్టు చెరువుకు నీరుగంటి, అంటే కట్టనూ నీళ్లనూ కాచేటోడు, లేవి. వాళ్ల నాయినా, తాతా అదే పని చేసినారు. చెరువు చుట్టూ మూడు మైళ్లు. ఆ మూడు మైళ్లూ ఒక కాలిబాట ఉండాది. దాన్ని పార పెట్టి ఎవరూ తీయల్యా. ఆ ఇంటోళ్ల కాళ్లే తీసినాయి. వాన వస్తే మేమంతా కొట్టంలోకి దూరతాం, ఆయప్ప గోచి బిగించి బయటికి దూకుతాడు. కట్టకు యాడన్నా నీళ్లు కారే బుంగ పడిందా, ఎండ్రకాయ బొక్క చేసిందా, చెరువు నిండితే పొర్లే మరవ మీద నీళ్లు ఎంత ఎత్తు పోతాండాయి, అదంతా ఉరుకుతానే చూడాల. నడిచి చూద్దామంటే కట్ట ఆగదు. దానికి కూలి ఏమంటే, కోతలప్పుడు ఒక్కో మడికి ఒక మోపు వరి. ఆ మోపులతోనే ఆయప్పా, పెండ్లాం కృపమణీ, ఇద్దరు ఆడబిడ్డలూ బతకాల.

మళ్ల మూడేండ్లు వాన ల్యాకపాయ. చెరువు నెర్రెలిచ్చింది. నీళ్లు లేని చెరువుకు నీరుగంటితో ఏం పని? లేవి గూడా మాతో పాటే గంజి కేంద్రం కాడ చట్టి పట్టుకోని నిలబడినాడు. కరువు పని కింద సర్కారోళ్లు ఆ కాలిబాటనే మా చేత వెడల్పు చేయించినారు. గుండ్లు ఏరినాం, గరుసు పోసినాం, పక్కన కానుగ మొక్కలూ వేప మొక్కలూ నాటినాం. ఒడ్డున ఒక బంగళా కట్టినారు. దాని ముందర పూలచెట్లు, కూర్చునేదానికి బండలు. కర్నూలు రాజధాని అయినాక ఆఫీసర్లు జీపుల్లో వచ్చి ఆ బాట మీద షికారు చేసేటోళ్లు. ఒకాయన తెల్ల నిక్కరు ఏసుకోని చుట్టూ ఉరికేటోడు.

"ఏందప్పా ఈయన కత! కుక్క తరమల్యా, వాన రాల్యా, యాల ఉరుకుతాండాడు?" అని కృపమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వేది.

రాజధాని వచ్చిన మరుసటేడు వాన పడింది. చెరువు నిండి మరవ పారింది. నాట్లు అయిపోయినాక ఆ నిక్కరాఫీసరే ఊరోళ్లను పిలిపించినాడు. ఇంగ మీద చెరువుకూ, తోటకూ, బాటకూ కలిపి ఒకడే కావలి, నెలనెలా సర్కారు జీతం అన్నాడు. అది లేవికే అని అందరూ అనుకున్నెట్లే ఉండె. మునసబు బసవరాజు మాత్రం తన అక్క కొడుకు నరసింహకు కావాలన్నాడు. నరసింహ ఇరవై రెండేండ్లోడు, తిని తిరిగేటోడు. లేవికి నలభై ఐదు దాటినాయి.

మా ఊర్లో నీరుగంటి తగువు తీర్చేదానికి ఒక పద్ధతి ఉండాది. పోటీ పడేటోళ్లు చెరువు చుట్టూ ఉరకాల. మరవ కాడ ఒక సాక్షి, ఎదురొడ్డున ఒక సాక్షి, తూము కాడ ఒక సాక్షి. ఒక్కో సాక్షి ఒక్కో వేపరెమ్మ ఇస్తాడు. మూడు రెమ్మలూ తలగుడ్డలో చెక్కుకోని ముందు వచ్చినోనిదే పని. ఏమన్నా పేచీ వస్తే సాక్షి వేపరెమ్మ పట్టుకోని చెప్పిందే మాట. ఇది ఇని ఆఫీసరుకు శానా ముచ్చటేసింది. అట్లనే కానీమన్నాడు.

తూము కాడ నన్ను పెట్టినారు. పెట్టింది మునసబే. నేను వాళ్లింట్లో జీతం ఉంటి. కరువులో నా పిల్లోల్లకు ఇంత సంగటి దొరికిందంటే ఆ ఇంట్లోనే.

బంగళా ముందర ఇద్దర్నీ గీత మీద నిలబెట్టినారంట. నరసింహ అన్నాడంట, "ఏం లేవీ, దోవలో కూలబడితే కేకెయ్. ఎనక్కొచ్చి ఎత్తుకోనొస్తా."

"ఎనక్కి రాబల్లేదులే అప్పయ్యా. నువ్వెట్లనూ నా ఎనకాలే ఉంటావు" అన్నాడంట లేవి. ఆఫీసరు గూడా నవ్వినాడంట.

నేను తూము బండ మీద నిలబడి చూస్తాండా. ఎదురొడ్డు తిరిగి కట్ట ఎక్కేటప్పటికి లేవి ముందు ఉండాడు. నరసింహ పావుమైలు ఎనక, చెయ్యి డొక్కలో పెట్టుకోని ఈడ్చుకుంటా వస్తాండాడు. ఇంగ అయిపోయిందిలే, మునసబు మొగం ఎట్ల చూడాల్నో అనుకుంటాండా. అంతలో నాకు నూరు గజాల దూరంలో లేవి నిలబడిపోయినాడు. నీళ్ల దిక్కు వంగి చూసినాడు. ఆడ నీళ్లు సుడి తిరుగుతాండాయంట. నడుము లోతు దిగి, తలగుడ్డ ఊడబీకి, ఉండ చుట్టి నీళ్ల కింద కట్టలోకి తోసినాడు. కాలితో తొక్కతాండాడు, బంకమన్ను దోసిళ్లతో ఎత్తి పెడతాండాడు, మళ్ల తొక్కతాండాడు.

నరసింహ ఆడికొచ్చినాడు. "ఏం లేవీ, స్నానమా?"

"అప్పయ్యా, బుంగ! బిన్నా, తొందరగా దిగి ఒక చెయ్యెయ్!"

"గెలిచినాక ఏస్తాలే."

గాలి నా దిక్కే కొడతాండాది, ఈ మాటలు నాకు బాగా ఇనపడినాయి. నరసింహ వచ్చి నా చేతిలో రెమ్మ గుంజుకోని పోయినాడు. నేను కదలల్యా. సాక్షి తన జాగా ఇడిసిపెట్టకూడదని పద్ధతి గదా అని నాకు నేనే చెప్పుకున్నా.

శానాసేపటికి లేవి వచ్చినాడు. ఒళ్లంతా మన్ను, తలకు గుడ్డ ల్యా. "రెండు రెమ్మలూ తలగుడ్డతోనే బుంగలోకి పోయినాయి బొజ్జన్నా. ఉరవడిలో చూసుకోల్యా. నువ్వు చూసినావు గదా, చెప్పప్పా" అన్నాడు. నేను ఒక రెమ్మ ఇచ్చి, సాక్ష్యం చెప్పేదానికి ఇంకొకటి చేతిలో పట్టుకోని, "పా, పా" అని ఎనకాలే పోతి.

బంగళా కాడ అప్పటికే నరసింహకు దండ ఏసినారు. లేవి జరిగింది చెప్పినాడు.

"తలగుడ్డ యాడ పారేసుకుంటివిరా? సారాయి అంగట్లోనా?" అన్నాడు మునసబు. అందరూ నవ్వినారు.

ఆఫీసరు నవ్వల్యా. "తూము దగ్గర సాక్షి ఎవరు? నువ్వు ఏం చూసినావు?" అని నన్నడిగినాడు. మునసబు నా దిక్కు చూడనే ల్యా. చూడబల్లేదు గూడా.

"లేవి ఆడ కూర్చున్నెట్ల కనపడినాడు సామీ. బుంగ నాకు కనపడల్యా" అంటి.

అది అబద్ధం గాదు. నేనున్న తావు నుంచి బుంగ కనపడదు. బుంగ పూడ్చే మనిషి కనపడినాడు, బుంగ అని కేకేసింది ఇనపడింది. అది ఎవరూ అడగల్యా. నేను చెప్పల్యా.

లేవి నన్ను చూసినాడు. మళ్ల ఆఫీసరు దిక్కు తిరిగి, "తవ్వి చూడండి సామీ. మూరెడు లోపల నా తలగుడ్డ ఉండాది" అన్నాడు.

"నువ్వే తవ్వి చూపియ్ రా" అని మునసబు గడ్డపార తెప్పించినాడు.

ఊరు ఊరంతా కట్ట మీదికి పోయినాం. లేవి చూపించిన తావులో ఏమీ ల్యా. తడి మన్ను, కాలి అడుగులు. నిండు చెరువు కట్టకు యాడ చూసినా తడే. ఆయప్ప గడ్డపార ఎత్తినాడు. ఒక దిక్కు నీళ్లు కట్ట అంచు దాకా ఉండాయి. ఇంకో దిక్కు మూడేండ్లకు ఏసిన నాటు, పచ్చగా, మూడు నూర్ల ఎకరాలు. అందులో లేవిది ఒక్క మడి గూడా ల్యా. ఎత్తిన గడ్డపార అట్లనే కొంచేపు పట్టుకోనుండి, మెల్లగా దించినాడు.

"తీస్తే కట్ట ఆగదు సామీ" అన్నాడు.

"సూసినారా! ఉంటే గదా తవ్వేది" అన్నాడు మునసబు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. నరసింహ పేరు రాసుకోని జీపెక్కినాడు. అదే లేవి అరకొరగా పూడ్చింటే, నాలుగు చుక్కలు కారుతాంటే, పని ఆయప్పదే. పని బాగా చేసినందుకు పోయింది.

గడ్డపార నాకిచ్చేటప్పుడు లేవి ఒక్క మాటే అన్నాడు. "వేపరెమ్మ ఇంగా నీ చేతిలోనే ఉండాది బొజ్జన్నా. పారెయ్."

ఆ యేడు వరి శానా బాగా పండింది. మునసబు మడి కోతకు నేనూ పోయినా. మోపులు కడతాంటే కృపమణి గట్టు మీదికి వచ్చింది, మోపెత్తుకునే తాడు చేతిలో పట్టుకోని. ఏటేటా వచ్చినెట్లే వచ్చింది.

"ఇంగ ఆ మోపు నరసింహదమ్మా. మీకేం సంబంధం?" అన్నాడు మునసబు.

"పని పోయింది సరే సామీ. ఈ పైరు నిలబెట్టింది ఎవరు?" అనింది ఆయమ్మ. మునసబు వేరే దిక్కు చూసి ఉమ్మినాడు.

ఆయమ్మ నా దగ్గరికి వచ్చింది. "బొజ్జన్నా, ఆ పొద్దు తూము కాడ ఉండింది నువ్వే గదా?"

"నేనే."

ఇంకేమన్నా అడుగుతాదేమో అని చూసినా. అడిగింటే చెప్పేటోన్నో ల్యాదో నాకే తెలీదు. ఆయమ్మ తాడు చుట్టి నడుముకు చెక్కుకోని, రాలిన కంకులు గూడా ఏరకుండా గట్టు దిగి పోయింది. ఆ వారంలోనే సంసారం ఎత్తుకోని డోన్‌కు పోయినారు. ఆడ రైలు స్టేషన్లో లేవి మూటలు మోస్తాండాడని చెప్పినారు. నేను మాత్రం ఆ మాపటికి నా కూలి మోపు ఎత్తుకోని ఇంటికి పోతి. పిల్లోల్లు అన్నం కడుపునిండా తినిరి.