బోర్డు మీద జామచెట్టు

2022 జూలైలో బడులు తెరిచిన కొద్ది రోజులకే నన్ను రేపల్లె పట్టణంలోని ఒక పురపాలక ప్రాథమిక పాఠశాలకు బదిలీ చేశారు. నా హోదా ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్. పేరు గంభీరంగా ఉన్నా, ఒక తరగతికి తెలుగు నుంచి లెక్కల దాకా అన్నీ ఒక్కరే చెప్పుకునే ఉద్యోగం అది. మా ఇల్లు తెనాలిలో. పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ మొదటి గంట కొట్టేలోపు బడికి చేరేదాన్ని. రైలు ఆలస్యమైన రోజున నా మొహం చూడగానే పిల్లలు అడక్కుండానే పుస్తకాలు తీసేవారు. నాకు కోపం ఎక్కువ. నాతో పనిచేసిన వాళ్ళెవరూ ఈ మాట కాదనరు.

నాకు నాలుగో తరగతి ఇచ్చారు. ఆ పిల్లలు ఒకటో తరగతి చివర్లో ఉండగా కరోనా వచ్చింది. రెండో తరగతి ఇళ్ళలో గడిచిపోయింది, మూడో తరగతి అరకొరగా నడిచింది. పరీక్షలు లేకుండానే అందరినీ పై తరగతికి పంపేశారు. ఏ పిల్లకు ఎంత వచ్చో ఎవరికీ సరిగ్గా తెలియదు. అయినా హెడ్మాస్టరు సుబ్బారావు గారు ధీమాగానే ఉన్నారు. మొదటి రోజే ఒక పిల్లను చూపించి, "మా నస్రీన్ ఉంటే మీకు సగం పని తప్పినట్టేనమ్మా" అన్నారు.

ఆయన ఉద్దేశం ఏమిటో బడి సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. ప్రాథమిక బడుల్లో 'చెప్పించడం' అనే పద్ధతి ఒకటుంది. చురుకైన పిల్ల ఒకతె పుస్తకం పట్టుకుని ముందు నిలబడి ఒక్కో వాక్యం చదువుతుంది, తరగతి మొత్తం అదే వాక్యాన్ని గొంతెత్తి అంటుంది. టీచరు ఈలోగా పక్క తరగతి చూసుకోవచ్చు. వరండాలో నిలబడి వినే అధికారికి కూడా చెవికింపుగా ఉంటుంది. నస్రీన్ ఆ తరగతికి చెప్పించే పిల్ల, పిల్లల మాటల్లో 'లీడర్'. చక్కటి గొంతు, ఎక్కడా తడబాటు లేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది, పేజీ తిప్పాల్సిన చోట తిప్పేది.

ఆ వారంలోనే వాళ్ళమ్మ ఫాతిమా బడికి వచ్చింది. చీరలకు ఫాల్స్ కుట్టి నాలుగు డబ్బులు సంపాదించే మనిషి. భర్త ఒక పరుపుల కొట్టులో పనిచేస్తాడు. ఏడాది చివర్లో గురుకుల పాఠశాలలో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. సీటొస్తే చదువు, తిండి, హాస్టలు అన్నీ అక్కడే. ఆమె ఆశంతా ఆ సీటు మీదే ఉంది. "మేమిద్దరం వేలిముద్రలోళ్ళమండి. మా పిల్ల మాత్రం గడగడా చదివేసిద్దండి. దానికి సీటు రాకపోతే ఇంకెవరికొచ్చిద్దండి?" అంది. ఆ మాటల్లో గొప్ప లేదు, గట్టి నమ్మకం ఉంది.

నెల తిరక్కుండానే ఆ నమ్మకం కింద నేల లేదని నాకు తెలిసింది.

పాత పాఠాలు ఒకసారి గుర్తు చేయిద్దామని మూడో తరగతి పాఠం ఒకదాన్ని బోర్డు మీద రాస్తున్నాను. పుస్తకం చేతిలో లేదు. జ్ఞాపకం మీద రాస్తూ, తాతయ్య పెరట్లో మామిడిచెట్టు ఉందని రాయాల్సిన చోట జామచెట్టు ఉందని రాసేశాను. నస్రీన్ వచ్చి బెత్తంతో ఒక్కో మాటా చూపిస్తూ చెప్పించింది. జామచెట్టు మీద బెత్తం పెట్టి "మామిడిచెట్టు" అంది. తరగతి తరగతంతా "మామిడిచెట్టు" అంది. నేను వెనక్కి తిరిగి బోర్డు చూసుకున్నాను. మళ్ళీ చెప్పించమన్నాను. మళ్ళీ మామిడిచెట్టే. ఒక్క పిల్లయినా "టీచర్, అక్కడ జామ అని ఉంది" అనలేదు. నా ముందున్నది చదువుతున్న తరగతి కాదు, విన్నది అప్పజెప్తున్న తరగతి.

మధ్యాహ్న భోజనం తర్వాత నస్రీన్‌ను ఆపి, అలమరలోంచి ఆమె ఎప్పుడూ చూడని కథల పుస్తకం ఒకటి తీసి ఇచ్చాను. బొమ్మను చూసింది, ఒక్క క్షణం ఆలోచించింది, కోతి గురించి కథ మొదలుపెట్టింది. కథ బాగానే ఉంది. కాకపోతే అది ఆ పుస్తకంలో లేదు. పుస్తకం మూసి పలక మీద అక్షరాలు రాశాను. అక్షరాలు వచ్చు. గుణింతాలు కలగాపులగం. వత్తు కనపడితే మాట అక్కడితో ఆగిపోతోంది. కరోనా రోజుల్లో పిన్ని కూతురు పక్కన కూర్చుని పాఠాలు చదివితే విని పట్టేసుకుందట. విన్నది మర్చిపోని పిల్ల. ఆ తెలివే ఆమెను పట్టివ్వకుండా దాచేసింది.

ఆమె అడిగింది ఒక్కటే. "అమ్మీకి చెప్తారా టీచర్?"

చెప్పనన్నాను. నీకు చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్పుకో అన్నాను. ఆ మాట ఇచ్చేటప్పుడు దాని బరువు నాకు తెలియలేదు. ప్రవేశ పరీక్షలో ప్రశ్న ఎవరూ చదివి వినిపించరు. కాగితం ముందు పెట్టి వెళ్ళిపోతారు. పరీక్ష వేసవికి ముందే వస్తుంది. అప్పటికి ఈ పిల్ల చదవడం నేర్చుకోవాలి, అదీ పదిమందిలో పరువు పోకుండా.

నా పొరపాటునే పనిముట్టు చేసుకున్నాను. చెప్పించడం మాన్పించాను. రోజూ ఉదయం పిల్లలకు నోటికొచ్చిన పాఠం ఒకటి బోర్డు మీద రాసి, అందులో ఒక మాట మార్చేదాన్ని. రాజుగారు ఏనుగెక్కి వెళ్ళాల్సిన చోట రేపల్లె బస్సెక్కి వెళ్ళేవారు. కుందేలు క్యారెట్ బదులు మినపట్టు తినేది. టీచరు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. చెవిని నమ్ముకుంటే దొరకదు, కళ్ళు పెట్టి చూడాల్సిందే. నా తప్పు పట్టుకునే అవకాశం అంటే పిల్లలు ఎగబడ్డారు. పాత కక్షలు తీర్చుకున్నట్టు, "టీచర్‌కి అట్లంటే పిచ్చి" అని పకపకా నవ్వేవారు. శనివారాలు సంచులు లేకుండా వచ్చే రోజు కాబట్టి, ఆ రోజు వాళ్ళే అట్టముక్కల మీద తప్పులు రాసి నన్ను పట్టుకోమనేవారు. దసరా నాటికి తరగతిలో చాలామంది పేరాలు చదివేస్తున్నారు.

నస్రీన్ మాత్రం ముడుచుకుపోయింది. అందరికన్నా ముందుండే పిల్ల అందరికన్నా ఆలస్యంగా చూస్తోంది. ఎవరో "లీడర్‌కి కనపళ్ళేదు" అన్నారు, మిగతావాళ్ళు నవ్వారు. నేను కేకలేసి నోళ్ళు మూయించాను గానీ జరగాల్సింది జరిగిపోయింది. దసరా సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది, ఆ తర్వాత అదీ రాలేదు. హాజరు వేస్తూ ఆ పేరు దగ్గరికి రాగానే నా పెన్ను ఆగేది. ఆటతో ఇరవైమందిని బాగుచేసి, ఎవరి కోసం మొదలుపెట్టానో ఆ పిల్లనే పోగొట్టుకున్నానా అని భయపడ్డాను.

ఒక సాయంత్రం రైలు వదులుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఫాతిమా కుట్టుమిషను దగ్గర నుంచి లేవలేదు. "లీడర్‌గా తీసేశారంటగా టీచర్ గారూ. మా పిల్ల ఏం తప్పు చేసిందండి?" అని అడిగింది. మాట మర్యాదగానే ఉంది, చూపులో ఆ మర్యాద లేదు. తలుపు పక్కన నస్రీన్ నిలబడి నా మొహంలోకే చూస్తోంది. నిజం చెప్తే తల్లి అర్థం చేసుకునేదే, నా మీద నింద పోయేదే. కానీ ఆ పిల్ల కళ్ళలో భయం చూశాక ఇచ్చిన మాట గుర్తొచ్చింది. నింద నా నెత్తినే ఉంచుకున్నాను. తప్పు నస్రీన్‌ది కాదని, నా పద్ధతి మార్చానని చెప్పి, వెళ్ళేముందు పిల్లతో, "రేపటి నుంచి బోర్డు మీద ఏ మాట మార్చాలో నువ్వు చెప్పు. తప్పులు పెట్టడం నీ పని" అన్నాను.

మర్నాడు వచ్చింది. తప్పు పెట్టాలంటే ఉన్న మాట చదవాలి, దాని బదులు వేరే మాట రాయాలి. అందరికన్నా ముందు వచ్చి నా పక్కన కూర్చుని రాసేది, తుడిచేది, మళ్ళీ రాసేది. వత్తులతో యుద్ధం చేసింది. సంక్రాంతి సెలవుల నాటికి ముక్కలు ముక్కలుగానైనా, వేలు పెట్టుకునైనా, తెలియని పేజీ చదవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే బాపట్లలో జిల్లా స్థాయి పఠన పోటీ పెట్టారు. పిల్లలు తెచ్చుకున్న పాఠమైనా చదవచ్చు, అక్కడ ఇచ్చే పేజీ అయినా చదవచ్చు. సుబ్బారావు గారు నస్రీన్ పేరు పంపేసి, మూడో తరగతి పాఠం ఒకటి ఎంచి పెట్టారు. నేను అడ్డం చెప్పాను. ఆయనకు నిజం చెప్పక తప్పలేదు. అంతా విని, "నోటికొచ్చిన పాఠం ఉండగా పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేస్తానంటారేంటమ్మా?" అన్నారు. ఆయన్ది చెడ్డ బుద్ధి కాదు. నేను కూడా గొంతు పెంచాను. చివరికి ఏది చదవాలో పిల్లే తేల్చుకుంటుందని ఒప్పందానికొచ్చాం. పోటీ నాటిదాకా ఇద్దరం సరిగ్గా పలకరించుకోలేదు.

బాపట్లకు నాతో, సుబ్బారావు గారితో పాటు ఫాతిమా కూడా వచ్చింది. మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నస్రీన్ వేదికెక్కి, తెచ్చుకున్న పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. పుస్తకం తెరవలేదు. నిర్ణేతల వైపు చెయ్యి చాపి, "ఆ పేజీ ఇవ్వండి సార్" అంది.

ఉప్పు మడుల గురించి రాసిన పేజీ అది. వేలు పెట్టింది. ఒక్కో మాటా పేర్చుకుంటూ చదివింది. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. 'మడుల్లో' అన్న మాటను 'మడులో' అని దాటిపోయి, ఆగి, వెనక్కొచ్చి సరిచేసుకుంది. విని అప్పజెప్పే పిల్ల ఎప్పుడూ వెనక్కి రాదు. చదివే పిల్లే వస్తుంది. పేజీ సగం కాకముందే గంట కొట్టేశారు. బహుమతి మాకు రాలేదు.

తిరుగు బస్సులో నస్రీన్ మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఫాతిమా చాలాసేపు కిటికీలోంచి చూసి చూసి, తెలుగులోనే, నాకు వినపడాలన్నట్టు అంది. "పోయినేడు గడగడా చదివేదండి. మీ క్లాసుకొచ్చాక ఏంటండి, ఇట్టా నత్తి నత్తిగా అయిపోయింది?"

నేను మాటిచ్చి ఉన్నాను. ముందు సీట్లో సుబ్బారావు గారి మెడ బిగుసుకుంది.

"పోయినేడు నాకు చదవడం రాదమ్మీ" అంది నస్రీన్. "విని చెప్పేదాన్ని. ఇప్పుడు చదువుతున్నా."

తల్లి నమ్మలేదు. నా వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. చెరుకుపల్లిలో బస్సు ఆగింది. రోడ్డు పక్క ఒక బోర్డు చూపించి, "అయితే అదేంటో చెప్పు" అంది కటువుగా. నస్రీన్ కిటికీ మీదికి వంగింది. "ఎరువులు... పురుగు... మందులు... ఇచ్చట... అమ్మబడును." సరైందో కాదో తేల్చుకోవడానికి ఫాతిమాకు నేను తప్ప దారి లేదు. తలూపాను. ఇంకో బోర్డు చూపించింది. ఆ తర్వాత ఇంకొకటి. బస్సు కదిలాక బోర్డులు పిల్ల కన్నా వేగంగా పోతున్నాయి. సగం చదివేసరికి దాటిపోయేవి. "పోనీలే, ఆ వచ్చేది చదువు" అంటోంది తల్లి. ఆమె గొంతులో కటువుతనం ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

రేపల్లెలో దిగేటప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని అంది. "పద, మీ నాన్న కొట్టు మీదుగా పోదాం. ఇన్నేళ్ళ నుంచి ఆ బోర్డు కిందే పనిచేస్తన్నాడు. దాని మీద ఏం రాసుందో మాకు తెలీదు."

ప్రవేశ పరీక్ష నస్రీన్ తనే చదువుకుని రాసింది. సమయం చాలక చివరి ప్రశ్నలు వదిలేసింది. సీటు మొదటి విడతలో రాలేదు, రెండో విడతలో వచ్చింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఒకసారి విన్న పాఠాన్ని చదివించి నేను ఏ పిల్లకూ మార్కు వేయలేదు. తనిఖీకి వచ్చిన అధికారులు మా తరగతిలో చదువు వినపడటం లేదని ఒకటి రెండుసార్లు రాశారు. నిజమే. చదవడం నేర్చుకునే తరగతి బయటికి అంత బాగా వినపడదు.