ఇద్దరి వీపుల మీద ఒకే రాజు

మా ఊళ్ళో రాజును వీపున మోసిన వంశాలు రెండు. ఏటికి ఇవతల మేము, తాక్‌లం. అవతల మేంగ్‌లు. యుద్ధంలో పారిపోతున్న రాజు ఒక్కడే, దాటిన ఏరూ ఒక్కటే, దాటించింది మాత్రం ఇద్దరూ.

మా బాబాయి కూతురు దారేకి ఎనిమిదో ఏట, పెద్దల సమాధుల మీద గడ్డి కోస్తుండగా, అనుమానం వచ్చింది. "తాతా, రాజు ఎంత బరువుండేవాడు?"

తాత కొడవలి ఆపాడు. "రాజుకి బరువేంటే?"

ఆ జవాబు పిల్లకి ఎనిమిదేళ్ళపాటు అరగలేదు. హైస్కూల్లో మొదటి ఏడాది ముగుస్తుంటే, మిగతా రెండేళ్ళకి ఏ సబ్జెక్టు కావాలో రాసిమ్మన్నారు. దారే చరిత్ర అని రాసింది. పదమూడు మంది రాస్తేనే క్లాసు, లేకపోతే భౌతికశాస్త్రంలో కూర్చోవాలి. శుక్రవారం గడువు. బుధవారానికి ముగ్గురే తేలారు: దారే, ఆమె బతిమాలుకున్న స్నేహితురాలు, నిద్రమత్తులో భౌతికశాస్త్రం బదులు చరిత్ర అని రాసినవాడొకడు.

తాత మా వంశ సంఘానికి అధ్యక్షుడు. "మన వంశ చరిత్ర ఇంట్లోనే పది సంపుటాలుంటే, మళ్ళీ బళ్ళో ఎందుకే?" అని విసుక్కున్నాడు. దారే అన్నం ముట్టలేదు.

నేను అప్పటికే ఆ బడికి స్వస్తి చెప్పి ఏడాది. పన్నెండేళ్ళలో నేర్పేది నేను పదింట్లోనే పట్టేశాను మరి. వ్యానులో బియ్యపు కల్లు సీసాలు వేసుకుని నేరుగా ఏటి అవతల వృద్ధుల సావడికి పోయాను. మేంగ్ పెద్దాయన పేకాటలో ఉన్నాడు.

"తాతగారూ, విన్నారా? మా దారే చరిత్ర చదువుతోందట. రాజును మోసింది మీవాళ్ళు కాదని తేల్చేస్తుందట."

"ఎవతె తేల్చేది? ముక్కు తుడుచుకోవడం రాని పిల్ల!"

"రాకపోతేనేం? అడ్డు చెప్పడానికి ఆ క్లాసులో మీ పిల్లలెవరూ లేరుగా."

మర్నాడు పొద్దున్నే తొమ్మిది మంది మేంగ్‌లు పేర్లిచ్చారు. ఆ కబురు మా తాత చెవిన వేశాను. మధ్యాహ్నానికి పద్నాలుగు మంది తాక్‌లు. శుక్రవారం గడువు ముగిసేసరికి నలభై ఒక్కమంది! భౌతికశాస్త్రం సారుకి మిగిలింది ప్రయోగాల బల్ల మీది కప్పీ ఒక్కటే.

కానీ మొదటి వారంలో ఎవరైనా సబ్జెక్టు మార్చుకోవచ్చు. మార్చిలో బడి కొత్త ఏడాది మొదలై, తొలి క్లాసుకి పెద్దలిద్దరూ వంశగ్రంథాలు గుడ్డల్లో చుట్టుకుని వచ్చేశారు. మోసుకొచ్చింది నేనే. ఏ రాజూ అంత బరువుండడు.

"ఇవాళే తేలాలి," అన్నాడు మేంగ్ పెద్దాయన. "ఓడినవాళ్ళ పిల్లలు లేచి భౌతికశాస్త్రానికి పోతారు."

"మీ పిల్లల సంచులు సర్దించుకోవయ్యా!" అన్నాడు మా తాత.

ఎవరు లేచినా మిగిలినవాళ్ళకి పోరు పోతుంది, వాళ్ళూ లేచిపోతారు, క్లాసు మొత్తం ఖాళీ. దారే లేచి రెండు గ్రంథాల్లోనూ రాజు సంగతున్న సంపుటం తెరిచి, పక్కపక్కన పెట్టి, చాలాసేపు చూసింది. మూసేసింది.

"ఏముందే?" అన్నాడు తాత.

"ఇది అంత తేలిగ్గా తేలదు తాతా. లోతుగా చదవాలి."

"ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు. అందరూ ఉండాలి. మధ్యలో లేచినవాళ్ళు ఓడినట్టే."

"మావాళ్ళు లేవరు!" అన్నాడు మేంగ్.

"మావాళ్ళు జ్వరమొచ్చినా లేవరు!" అన్నాడు తాత.

గ్రంథాలు వ్యానెక్కించాక బడి మెట్ల మీద అడిగాను. "ఏం చూశావే?"

దారే చుట్టూ చూసింది. "రెండిట్లోనూ ఒకే వాక్యం అన్నయ్యా. పన్నెండో నెల, ముప్పై ఒకటో రోజున మా పూర్వీకుడు రాజును మోశాడని."

"అయితే?"

"పాత చాంద్రమాన పంచాంగంలో ఏ నెలకీ రోజులు ముప్పై దాటవు. ఆ రోజే లేదు."

నవ్వాపుకోలేక మెట్ల మీదే కూలబడ్డాను. "మరి తాతకి చెప్పవా?"

"చెప్తాను," అంది. "ఆఖరి పరీక్ష రాశాక."