రేణుకమ్మ వేళ్లు, నా అబద్ధం

తొండుపల్లిలో ఎవరికి కాలు బెణికినా, మెడ పట్టేసినా ముందు రేణుకమ్మ ఇంటికే పోతారు. అక్కడ తగ్గకపోతేనే దవాఖాన. ఎక్కడ నొప్పి అని ఆమె అడగదు. అడగడం తనకేదో అవమానమన్నట్టు చూస్తుంది. కళ్లు మూసుకుని, ఆముదం రాసిన బొటనవేలితో వెతుక్కుంటూ పోయి, సరిగ్గా మనం కేక పెట్టే చోట ఆగుతుంది. "దొరికింది దొంగది," అంటుంది. ముప్పై ఏళ్లుగా అదే మాట.

బడి ముఖం చూడలేదు. మనిషి లోపల ఏముంటుందో ఏ బొమ్మలోనూ చూడలేదు. "నొప్పి ఒక్క జాగల కూసోదు టీచరమ్మా. మనిషంత తిరుగుతది. నా వేలు దానెనక తిరుగుతది," అని ఒకసారి నాతో అంది.

ఆ మాట నా కడుపులో దాగలేదు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు వచ్చేపోయేవాళ్లు దిగే హోటల్లో నా పాత విద్యార్థిని సునీత పనిచేస్తుంది. దానికి చెప్పాను. అది అక్కడ మూడు రోజుల శిబిరం పెడుతున్న బెంగళూరు మేడంకి చెప్పింది. మేడం నాట్యం చేస్తుంది, బొమ్మలు వేస్తుంది, చేత్తో తాకి నొప్పులు తగ్గిస్తుంది. ఈ మూడూ కలిపి మనిషి శరీరాన్ని కొత్తగా గీయించడం ఆమె పని. ఒకరు పడుకుంటే ఇంకొకరు తాకి చూస్తారు. ఆ స్పర్శ ఎటు లాగితే అటు ఆడతారు. ఆడినదాన్ని రంగుల్లో పెడతారు. డాక్టర్ల గోడ మీది బొమ్మ కాదు, మనకు తెలిసిన ఒళ్లు. రేణుకమ్మను తప్పక తీసుకురమ్మంది. ఇంగ్లీషు టీచర్ని కాబట్టి మాట అటూ ఇటూ చేరవేయడానికి నేను.

ఆటోలో బయల్దేరాం. హోటల్ దగ్గర పడుతుండగా రేణుకమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, రెండు నెలల సంది వేళ్లు మొద్దువారినయి. షుగరు. పోయిన స్పర్శ మళ్ల రాకపోవచ్చని దవాఖానల అన్నరు. ఎవ్వరికి చెప్పకు."

"అయ్యో అక్కా, మరి వెనక్కి పోదామా?"

"వద్దు. చెయ్యి పూరా పోయిందో, జర మిగిలిందో ఇయ్యాల తెల్వాలె. ఊర్లోళ్లు మొహమాటానికి తగ్గిందనే అంటరు. వీళ్లకు నేనెవరో తెల్వదు. నిజం జెప్తరు."

హాల్లో పదిహేను మంది. అందరూ వెదురు బొంగుల్లా సన్నగా ఉన్నారు, ఒక్కరికీ ఏ నొప్పీ లేదట. ఎవరికైనా ఉంటే చెయ్యెత్తమంది మేడం. మూడు రోజుల కిందట బడి మెట్ల మీద జారి నా ఎడమ చీలమండ బెణికింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. పాతికేళ్లు పిల్లల చేత చెయ్యెత్తించిన అలవాటేమో, నాకు తెలియకుండానే నా చెయ్యి లేచింది.

నన్ను తెల్లకాగితం మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీశారు. నడుము దగ్గర కాగితం చాల్లేదు. ఇంకో కాగితం తెచ్చి అతికించారు. మళ్లీ చాల్లేదు. మూడోది తెచ్చేటప్పుడు నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

రేణుకమ్మ కూడా కళ్లు మూసుకుంది. మెడ, భుజాలు, నడుము అయ్యాయి. ఎడమ చీలమండ మీదికి బొటనవేలు వచ్చింది. నొప్పి మీదుగానే జారి, ఆగకుండా వెళ్లిపోయింది. తిరిగి తిరిగి కుడి పిక్క మీద ఆగింది.

"దొరికింది దొంగది," అంది. ఆ మాట ఇన్నేళ్లలో మొదటిసారి ప్రశ్నలా వినిపించింది.

కాదక్కా, అంటే సరిపోయేది. నేను "అబ్బా!" అని అరిచాను. "అక్కడే అక్కా, అక్కడే!"

చప్పట్లు. మేడం కాగితం మీద నా కుడి పిక్కకు ఎర్రరంగు పూసి, ఆ నొప్పిని ఆడి చూపించమంది. కుడి కాలు కుంటాలి కాబట్టి ఎనభై కిలోల ఒళ్లంతా బెణికిన ఎడమ కాలి మీద మోపి గుండ్రంగా తిరిగాను. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. మేడం కదిలిపోయింది. ఇంత నిజాయితీ తన శిబిరాల్లో ఎన్నడూ చూడలేదంది. అది కూడా నేనే తెలుగు చేసి రేణుకమ్మకు చెప్పాల్సి వచ్చింది. ఆమె నా ముఖం చూడలేదు. నా ఎడమ పాదాన్ని చూస్తూ ఉండిపోయింది.

గేటు బయట, క్యాబ్ డ్రైవర్లు టీ తాగే చోట అరుగు మీద కూర్చుంది.

"ఎడమది గదా?"

దాచి లాభం లేదు. "అవునక్కా. మెల్లగా తాకినవని..."

"గట్టిగనే ఒత్తిన."

ఆమె తన బొటనవేలిని తిప్పి చూసుకుంది.

"గిట్లంటరనే గదా ఊరిడిచి గీడిదాంక వచ్చిన. నువ్వు గూడ ఊరే అయితివి." కోపం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది. "చెయ్యి చెప్పకపాయె, మనుషులు చెప్పకపాయె. ఇగ నాకెట్ల తెలుస్తది?"

"మేడం నిన్ను నెలకోసారి రమ్మంటోందక్కా, ఏం చెప్పను?"

"నిజం జెప్పు, చాతనైతే."

నా చెప్పు తనే ఊడదీసి, వాచిన పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. డ్రైవర్లు చూస్తున్నారు. ఆమె కళ్లు మూసుకుంది.

"ఈడనా?"

నొప్పి అక్కడ లేదు. అయినా నోటిదాకా వచ్చిన "అవును"ను మింగాను. "కాదక్కా."

వేలు జరిగింది. "ఈడ?"

"కాదు."

"ఈడ?"

"కాదక్కా," అన్నాను.