మా అత్తమ్మ కళ్ళద్దాలు

ఈ మాటను నలభై ఏళ్ళుగా మోస్తున్నాను. నా భర్తకు చెప్పలేదు, ఆయన పోయాడు. పిల్లలకు చెప్పలేదు. వాళ్ళకు నాయనమ్మ అంటే గోడ వైపు తిరిగి కూర్చున్న ముసలమ్మ ఒకతె, అంతే. ఈ కాగితం మీద మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో నోరు పెగులుతోంది.

అప్పుడు నిజాం రాజ్యం. మొయినాబాదులో మాకు రోడ్డు మీదే బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఆ రోడ్డుకు తారు లేదు. చేవెళ్ళ నుంచి పట్నం పోయే బండ్లన్నీ మా గుమ్మం ముందు నుంచే పోయేవి, రోజుకోసారి బస్సు కూడా. బస్సు పోయిందంటే ఎర్రటి దుమ్ము లేచి ఇంట్లోకి వచ్చి కూర్చునేది. దేవుని పటాలు, బట్టల బీరువా అద్దాలు, లాంతరు చిమ్నీలు, అన్నిటి మీదా దుమ్మే. పొద్దున్నే వాటిని తుడవడం కోడలిగా నా పని. మా పుట్టిల్లు ఆలూరు. అక్కడ మా ఇంట్లో గాజు వస్తువంటే లాంతరు చిమ్నీ ఒక్కటే. బూడిదలో కొంచెం ఇటుక పొడి కలిపి, పొడి గుడ్డతో గట్టిగా రుద్దేవాళ్ళం. గాజు తుడవడమంటే నాకు తెలిసింది అదే.

మా అత్తమ్మ భర్త పోయిన మనిషి. దుకాణంలో ఒక మూల చాప వేసుకుని రైకలు కుట్టేది. మిషను లేదు, చేతికుట్టే. చిల్కూరు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చి మా దగ్గర గుడ్డ కొని, కొలత ఇచ్చి, ఆమె చేతికే అప్పగించి పోయేవాళ్ళు. ఆ కుట్టు మీదే మా దుకాణం నడిచిందంటే అబద్ధం కాదు. పనికి తగ్గ నోరు కూడా ఉండేది. నా కుట్టు చూస్తే చాలు, "ఇవి చేతులానే, రోకళ్ళా?" అనేది. పదిమంది ముందే అనేది. కొట్టుగది తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. చారెడు ఉప్పు కావాలన్నా నేను వెళ్ళి అడగాలి. ఆమె చెడ్డది కాదు. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు అడిగితే వేరే చెప్పేదాన్ని.

దగ్గరి చూపు తగ్గిందని మా ఆయన ఆమెను పట్నం తీసుకెళ్ళి కళ్ళద్దాలు చేయించాడు. మా చుట్టుపక్కల ఆడమనిషి కళ్ళద్దాలు పెట్టుకోవడం అదే మొదలు. వచ్చిన రోజే సూదిలో దారం ఒక్కసారికి ఎక్కించి, అందరికీ చూపించి నవ్వింది. వాటిని నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దుకోవాలని పట్నంలో అద్దాల దుకాణంవాడు చెప్పి పంపాడట. ఆ సంగతి నాదాకా రాలేదు.

కొన్నాళ్ళు ఆమే తుడుచుకుంది. ఒకరోజు పొద్దున నేను చిమ్నీలు తుడుస్తుంటే వచ్చి, "దుమ్ము పట్టింది, జర తుడిచియ్యవే" అని ఇచ్చి పోయింది. అదే గుడ్డ, అదే పొడి. బాగా రుద్దాను. మంచిగా చెయ్యాలనే రుద్దాను, ఇదొక్కటి నమ్మండి. ఎండకు పెట్టి చూస్తే అద్దాల నిండా సన్నటి గీతలు. అట్లాగే తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను.

ఆమె పెట్టుకుంది. తీసింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"మబ్బు మబ్బుగున్నదేందే? మంచిగ తుడిచినవా?"

"తుడిచిన అత్తమ్మా."

సూదిని దగ్గరికి, దూరానికి జరిపి చూసుకుంది. చాలాసేపు చూసింది.

"అయితే నా కండ్లే పోతున్నట్టున్నయ్. ఈ దారం ఎక్కియ్యి బిడ్డా."

బిడ్డా. నేను కాపురానికి వచ్చాక ఆమె నన్ను అట్లా పిలవడం అదే మొదటిసారి.

అద్దాల మీది గీతలు ఆమెకు కనబడవు. అవి కనబడాలంటే మంచి అద్దాలు కావాలి. అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేది. నాలుగు రోజులు ఇల్లంతా మారుమోగేది. ఆయన మళ్ళీ పట్నం తీసుకెళ్ళేవాడు, కొత్తవి వచ్చేవి. అంతే కదా? కానీ నేను ఒప్పుకోవలసింది ఆ రోజు సంగతి కాదు. అది పొరపాటు. మర్నాడు ఆమె మళ్ళీ అద్దాలు ఇచ్చింది. ఇప్పుడు నాకు తెలుసు. తెలిసీ అదే గుడ్డ చేతిలోకి తీసుకున్నాను.

ఎందుకు? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. పాత గీతలు కనిపెడతారన్న భయమా, భయమే అయితే గుడ్డ మార్చేదాన్ని కదా, లేక ఆ "బిడ్డా" అన్న పిలుపు ఇంకొక్కసారి వినాలన్న ఆశా, లేక ఇన్నాళ్ళూ రోకళ్ళన్న నా చేతులే ఇక ఆమెకు దిక్కు కావాలన్న కసా? మూడూ ఉన్నాయి. ఏది ఎంతో విడదీయలేను. రుద్దాను. ఆ తర్వాతి రోజూ రుద్దాను. దాదాపు ఒక ఏడాది.

మెల్లగా కొట్టుగది తాళంచెవి నా నడుముకు వచ్చింది. చిల్కూరు నుంచి ఒకామె రైక తిరిగి తెచ్చి, కుట్టు వంకర పోయిందని చెప్పింది. మర్యాదగానే చెప్పింది పాపం. అత్తమ్మ ఆ కుట్టు మొత్తం విప్పి ఆమెకు తిరిగిచ్చేసింది. ఆ తర్వాత ఎవరు గుడ్డ తెచ్చినా, నాకు కండ్లు లేవు, ఇంకెవరికన్నా ఇచ్చుకోండి అని తనే చెప్పి పంపేది.

ఆయనకు అనుమానం రాలేదని కాదు. అమ్మకు దూరపు చూపు బాగానే ఉంది కదా అన్నాడు ఒకసారి. నిజమే. చాప మీద కూర్చునే, రోడ్డు మీద పోయే బండి ఎవరిదో చెప్పేది. మళ్ళీ పట్నం తీసుకెళ్తానన్నాడు. ముసలితనానికి మందేముంది, ఆ బస్సు కుదుపులకు ఆమె తట్టుకోదు అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో జాలి ఉంది. నిజమైన జాలే. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత ఆమె కళ్ళద్దాలు అడగడం మానేసింది. సూదుల డబ్బా నా ముందు పెట్టి, దుకాణం వైపు చూడబుద్ధి కావడం లేదని గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎనిమిదేళ్ళు అట్లాగే కూర్చుంది. నేను వడ్డించడానికి వంగితే నా రైక చేతి అంచును బొటనవేలితో తడిమి చూసేది. నా కుట్టు ఎంత మోటుగా ఉంటుందో నాకు తెలుసు. రోకళ్ళా అంటుందని ఎదురుచూసేదాన్ని. ఒక్కసారి ఆ మాట అని ఉంటే నిజం చెప్పేసేదాన్నేమో. అనలేదు.

సేవ చేశాను. నీళ్ళు పోశాను, తల దువ్వాను, జ్వరమొస్తే పక్కనే కూర్చున్నాను. ఊళ్ళలో రజాకార్ల భయం మొదలైన ఏడాది ఆమె పోయింది. కర్మలనాడు ఆయన అందరి ముందూ నన్ను చూపించి, కడుపున పుట్టిన బిడ్డ కూడా ఇట్లా చూసుకోదని ఏడ్చాడు. ఆ కళ్ళద్దాలను ఆయనే తన పెట్టెలో దాచుకున్నాడు, తల్లి గుర్తని. ఎన్నడూ వెలుతురుకు పెట్టి చూడలేదు. ఇప్పటికీ మా వాళ్ళలో ఎవరింటికి కొత్త కోడలు వచ్చినా నా దగ్గరికి తీసుకొస్తారు. "ఈ అవ్వ కాళ్ళు మొక్కు బిడ్డా. అత్తను కంటికి రెప్ప లెక్క చూసుకున్నది" అంటారు. ఆ పిల్ల వంగుతుంది. నేను కాళ్ళు వెనక్కి తీసుకోను. తీసుకుంటే ఎందుకని అడుగుతారు.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి ఎనిమిదేళ్ళు నా చేతి అన్నమే తింటూ మూరెడు దూరంలో కూర్చుంది. అప్పుడు అడగలేదు.

మా అత్తమ్మ కళ్ళు ఎన్నడూ పోలేదు. అద్దాలను పాడుచేసింది నేను. ఇన్నాళ్ళకు ఒక్క చోట నిజం రాశాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమె మాత్రం తనకు కళ్ళు పోయాయనే అనుకుంటూ పోయింది.