నానాజీ బెల్లం, ఉత్తర ధ్రువ సముద్రం

కె. కోటపాడు నుంచి అనకాపల్లి వెళ్ళే ఆటో సగం దారిలో పంక్చరై, పావనిని, ఆమె ఒళ్ళోని మూతపెట్టిన గాజు తొట్టెను, పక్కసీటు నానాజీని కలిపి రోడ్డు మీద దించేసింది. అప్పటికే గతుకులకు ఆమె చేతిసంచిలోని రంగునీళ్ళ సీసా బద్దలై పావని చున్నీ అంతా నీలిసిరా అయింది. ఆమె ఏడుస్తోంది. నానాజీకి ఎదుట ఎవరైనా ఏడుస్తుంటే ఊరుకోవడం చేతకాదు.

"ఏటైనాదే పాపా? సీసాకేనా ఇంతేడుపు?"

"సీసా కాదు తాతా, నది. నా నది ఒలికిపోయింది."

నానాజీ తలగుడ్డ సర్దుకున్నాడు. అరవై రెండేళ్ళలో ఆయన ఎరిగిన నది శారద ఒక్కటే. నడివేసవిలో తప్ప అది సీసాలో పట్టేది కాదు.

ముక్కు తుడుచుకుని పావని చెప్పింది. సైబీరియా నదులు ఉత్తరానికి పారి ధ్రువ సముద్రంలో పడతాయి. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు. అందుకని నదినీరు పైనే పరుచుకుని ముందు గడ్డకడుతుంది. ఏ నది ఎంత తెస్తే ఎంత మంచు పేరుతుందో ఆమె కంప్యూటర్లో లెక్క కట్టింది. పదకొండింటికి కాలేజీలో అదే సంగతి తొట్టెలో చూపించాలి. మెచ్చితే గోవాలో ధ్రువాల పరిశోధన జరిగేచోట రెండు నెలల శిక్షణ. తొట్టెలో పూడిమడక తీరాన ముంచి తెచ్చిన సముద్రం ఉంది. నదికే రంగు లేదు. రంగు లేని నది ఎవరికీ కనిపించదు.

"రంగే కదా!" అంటూ నానాజీ తన క్యాను మూత తీశాడు. అందులో చెల్లెలు తలుపులమ్మ కోసం తీసుకెళుతున్న తాజా బెల్లం పాకం, ఓ గరిటె ఉన్నాయి.

ఆయన నలభై ఏళ్ళుగా బెల్లం వండుతున్నాడు. కాలు బెణికితే బెల్లం పట్టు వేస్తాడు, కోడలు అలిగితే బెల్లంముక్క ఇస్తాడు. సెల్‌ఫోన్ చార్జింగ్ ఎక్కకపోతే దానికీ ఒకసారి రాసి చూశాడు. తర్వాత ఆ ఫోన్ చీమలు వాడుకున్నాయి.

పావని వారించేలోగా గరిటెడు పాకం సముద్రంలో పడింది. తిన్నగా అడుక్కి వెళ్ళి కూర్చుంది.

"సూసేవా ఎలా కూకుందో!" నానాజీ మీసం దువ్వాడు. "పాకం కుదిరిందో లేదో తెలాలంటే నీళ్ళలో ఏసి సూత్తాం. అడుక్కెళ్ళి కూకోవాల. తేలిందా, ఆ వంటోడు పనికిమాలినోడే."

"నది తేలాలి తాతా! ఇప్పుడు సైబీరియా మొత్తం మునిగిపోయింది!"

"మునగనీ. పాకం మంచిదని తేలిపోనాది కదా!"

"చెంచాడు పాకానికి చెంబుడు నీళ్ళు కలపండి, తేలుతుంది."

పంక్చరు వేసేవాడు కిసుక్కున నవ్వాడు. నానాజీ ముఖం కందగడ్డ అయింది.

"నా బెల్లంలో నీళ్ళా? పక్క గానుగ పోతురాజు నాకు పగోడు. ఆడు కూడా ఆ మాటనలేదే!"

టైరు ఎక్కింది, ఆటో కదిలింది. అనకాపల్లి దాకా ఆయన ముఖం రోడ్డువైపు తిప్పుకునే కూర్చున్నాడు. తొట్టె బరువని కాలేజీ హాల్లోకి మోసి పెట్టింది మాత్రం ఆయనే. ముగ్గురు లెక్చరర్లు కుర్చీల్లో సిద్ధంగా ఉన్నారు. "మొదలుపెట్టమ్మా, నది ఏది?" అన్నాడు నడిమాయన. పావని ఖాళీ చేతులతో నిలబడింది.

నానాజీ గోడవైపు తిరిగాడు. అక్కడి తాగునీళ్ళ మగ్గులో చెంచాడు పాకం వేసి నీళ్ళు పోశాడు. ఇంకా పోశాడు. రుచి చూసి, దగ్గరివాళ్ళెవరో పోయినట్టు కళ్ళు మూసుకున్నాడు.

"ఎవలు వండేరని అడిగితే నా పేరు సెప్పకే," అని గొణిగి మగ్గు చేతికిచ్చాడు.

పావని గరిటె మీదుగా మెల్లగా వంచింది. లేత గోధుమరంగు నది సముద్రం మీద చక్కగా పరుచుకుంది. కాలేజీలో సిద్ధం చేయించిన, ఉప్పు కలిపిన మంచుముక్కల పళ్ళెం దాని పైన ఆనించింది. కాసేపటికి పళ్ళెం కింద పలచటి పొర గడ్డకట్టింది. అడుగున కూర్చున్న పాకాన్ని ఆమె సముద్రగర్భమని పరిచయం చేసింది.

"భేష్! గోవాకి బట్టలు సర్దుకో," అన్నాడు నడిమాయన. కుతూహలం ఆగక పళ్ళెం ఎత్తి పొరను వేలితో గీకి నాలిక్కి రాసుకున్నాడు. "బెల్లమా! ఇంత చప్పగా ఉందేమిటి? ఏ చేతకానివాడు వండాడమ్మా?"

పావని గాభరాగా వెనక్కి తిరిగింది. నానాజీ అప్పటికే వరండా దిగిపోయాడు. "తాతా!" అని ఆమె కేక వేసినా తిరిగి చూడకుండా, తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని, గేటు దాటి విసవిసా వెళ్ళిపోయాడు.