భద్రాచలంలో ఇచ్చిన అక్క జుట్టు

నిన్న ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో వస్తుంటే ఎదురు సీట్లో ఒక కుర్రాడు కూర్చున్నాడు. తలమీద వెంట్రుక లేదు, కనుబొమలూ లేవు. పక్కనున్నావిడ ఏమైంది బిడ్డా అని అడిగితే, "లింఫోమా అమ్మా, నాలుగో కీమో అయింది, తగ్గుతదన్నరు" అని చెప్పి ఫోన్ చూసుకోసాగాడు. మా ఇంట్లో మూడేళ్లపాటు ఎవరమూ బయట అనని మాటను అతను అంత తేలిగ్గా అనేశాడు.

ఎనభైల నాటి సంగతి. నేను కొత్తగా టీచరుద్యోగంలో చేరి, భద్రాచలం అవతల అడవిలో, పిల్లలు ఇళ్లలో కోయ మాట్లాడుకునే ఒక ఊరి బడిలో పనిచేస్తున్నాను. అక్కను ముదిగొండలో వ్యవసాయం ఇంటికిచ్చారు. ఆమె మెడ పక్కన బిళ్ల కట్టింది, పన్ను వల్లేమోలే అనుకుంటుండగానే చంకలోనూ తేలింది, చివరికి హైదరాబాదు పెద్ద దవాఖానాలో ముక్క తీసి పరీక్షించి ఇదే జబ్బని చెప్పారు. సెలవు పెట్టి నేనూ బావా వెంట వెళ్లాం. ఇది మందుకు లొంగే జబ్బేననీ, అయితే ఎవరికి పూర్తిగా పోతుందో ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్పలేమనీ, ఆరు విడతలూ వేళ తప్పకుండా పడటమే మన చేతిలో ఉన్నదనీ డాక్టరు అన్నాడు. మందు పడ్డాక వారం పది రోజులకు ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి జనంలోకి పోవద్దు, ఏటి నీళ్లలో స్నానం వద్దు, జ్వరమొస్తే ఆ పూటే రావాలి అని ఇంగ్లీషులో రాసిచ్చాడు. మా ఇంట్లో ఆ కాగితం చదవగలిగింది నేనొక్కదాన్నే.

రెండో విడత అయి వచ్చేసరికి అక్క జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తున్నది. పిరుదులు దాటే జడ ఆమెది, చిన్నప్పుడు ఆ జడ చూసి నేను ఎంత కుళ్లుకున్నానో చెప్పలేను. అక్క వాళ్ల అత్త, నోరు విప్పితే వీధంతా వినబడే మనిషి, రెండు రోజులు చూసి మూడో రోజు తేల్చేసింది.

"గిట్ల రాలుతాంటే ఊరోళ్లు ఊకుంటరా? ఏంది రోగమని అడుగుతరు. మొక్కున్నదని చెప్పి రాములోరి దగ్గర ఇచ్చొద్దాం. నేను గూడ ఇస్త, ఒక్కతే గుండుతోని తిరుగుడెందుకు నా కోడలు?"

ఆ ఆఖరి మాటకు అక్క ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి. నేను సంచిలోంచి కాగితం తీశాను, మళ్లీ మడిచి లోపల పెట్టేశాను. దేవుడి పేరు చెప్పాక కాదనడానికి నోరు రాలేదు, అంతకన్నా మించి, ఊరికి తెలియకుండా పోతుందన్న ఆశ నాకూ ఉంది.

మందు పడిన పదో రోజున వెళ్లాం. శనివారం, జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. గుండు చేసేటప్పుడు కత్తి తగిలి రెండు చోట్ల నెత్తురు చిమ్మింది, ఆ తలతోనే గోదావరిలో మూడు మునకలు వేయించారు. ఒడ్డున ఆమె తల తుడిచింది నేనే.

మర్నాడు తిరుగు బస్సు పాల్వంచ దాటకముందే అక్క వణకడం మొదలుపెట్టింది. నుదురు కాలిపోతున్నది. చన్నీళ్లు పడలేదు, ఇంటికిపోయి గోలి వేద్దామన్నాడు బావ. అప్పుడు గానీ నాకు నోరు పెగల్లేదు. కాగితం తీసి అందులోని జాగ్రత్తలు బస్సులో అందరూ వినేలా తెలుగులో చదివాను. అత్త నా ముఖం చూసి, "గిది నీకు ముందే ఎరుకేనా?" అన్నది. అవ్ అన్నాను. ఖమ్మంలో దిగీ దిగగానే ఆమె అక్కను పొదివి పట్టుకుని, హైదరాబాదు రైలు కోసం నేరుగా రైల్వే స్టేషన్‌కు నడిచింది.

పన్నెండు రోజులు నరానికి మందులెక్కించి అక్కను బతికించారు. కానీ మూడో విడత నెల ఆలస్యమైంది, తక్కిన మోతాదులూ తగ్గించారు. బిళ్లలు కరిగాయి, కొత్త జుట్టు ఉంగరాలుగా వచ్చింది, రెండేళ్లు మామూలుగా పత్తి కూడా ఏరింది. మూడో ఏడు జబ్బు తిరగబెట్టింది, ఈసారి మందుకు లొంగలేదు. ఆ ఆలస్యం వల్లేనా అని డాక్టరును అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు, చెప్పలేం అన్నాడు. అక్క నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు, అనివుంటే బాగుండేది.

ఇప్పుడు మందులు మారాయి, ఆశ పెరిగింది, అందుకు సంతోషమే. కానీ నిన్న ఆటోలో ఆ కుర్రాడు జబ్బు పేరు చెప్పగానే డ్రైవర్ బండి ఆపి, అతని వైపు దగ్గుతున్న ఒకాయన్ని తన పక్కకు పిలిచి కూర్చోబెట్టుకున్నాడు, మిగిలినవాళ్లం ఎవరూ చెప్పకుండానే అతనికి ఎడమిచ్చి తలా కాస్త జరిగాం. భద్రాచలంలో ఆ రోజు అంతమంది జనంలో మా అక్క కోసం ఒక్కరూ జరగలేదు. మేం ఎవరికీ చెప్పలేదు కదా.