తెల్లగీత లోపల గారూ లేదు, అండీ లేదు

మా చిన్నప్పుడు... అంటే మా అమ్మాయి నవ్వుతుంది, డిగ్రీ రెండో ఏడు చిన్నతనం ఎలా అవుతుందమ్మా అని. ఈ వయసు నుంచి చూస్తే అదీ చిన్నతనమే! ఆ రోజు కాకినాడలో కాలేజీల బాస్కెట్‌బాల్ ఫైనల్. ఆట ఆఖరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బాలు నా చేతిలో ఉంది. అవతలి జట్టు వాళ్లు ఇద్దరు నన్ను చుట్టేశారు. బాస్కెట్ కింద మా జూనియర్ మంగ ఒక్కతే, అడ్డు ఎవరూ లేకుండా నిలబడి ఉంది.

ఉండి ఏం చేసిందో తెలుసా... "అక్కా, ఒక్కసారి ఆ బాలు నాకిస్తారాండీ" అంది.

ఆ మాట పూర్తయ్యేలోపే విజిల్ మోగింది. ఓడిపోయాం.

రాజమండ్రి తిరిగొచ్చే బస్సులో, కెప్టెన్‌ని కదా, అందరి ముందూ దాన్ని దులిపేశాను. "నీ వల్లే ఓడిపోయాం. నోరు తెరిచి గట్టిగా అడగలేవా?" అన్నాను. మంగది మొగల్తూరు దగ్గర. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకి వెళ్తాడు. ఇది హాస్టల్లో ఉండి చదువుకునేది. కళ్లు తుడుచుకుంది. మర్నాటి నుంచి కోర్టుకి రావడం మానేసింది.

మాకు ఆటలు నేర్పే పీడీ సూర్యనారాయణ గారు కోనసీమ మనిషి. దారికి అడ్డంగా పడుకున్న కుక్కని కూడా "కాస్త జరగండి" అనే రకం. ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"రాజ్యలక్ష్మి గారూ, మంగ గారు అడిగారండి. మీరే వినలేదు. అరవడం ఆవిడకి నేను నేర్పుతాను. వినడం మీరు నేర్చుకోవాలి మరి. ముందు వెళ్లి ఆవిడని తీసుకురండి."

నాకు ఒళ్లు మండిపోయింది... ఆయన అన్నది నిజం కాబట్టి. ఆ రోజు నేను బాలు ఎవరికీ ఇద్దామనుకోలేదు. నేనే గెలిపించానని అనిపించుకోవాలని నా యావ. ఆ తప్పు తీసుకెళ్లి మంగ నెత్తిన పెట్టాను. హాస్టల్‌కి వెళ్లానే గానీ, తప్పు నాదే అని ఒప్పుకోలేదు. "సార్ రమ్మంటున్నారు" అని మాత్రం అన్నాను. "ఆయ్, వస్తున్నానండి" అంటూ చెప్పులేసుకుని వచ్చేసింది. ఆ చెప్పని మాట నన్ను ఏడాది పొడుగునా గుచ్చుతూనే ఉంది.

మర్నాడు పీడీ గారు కోర్టు చుట్టూ ఉన్న తెల్లగీత చూపించి కొత్త చట్టం పెట్టారు. "ఈ గీత లోపల గారూ లేదు, అండీ లేదు. అక్కా కూడా వద్దు, పేరు చాలు. నోరు జారితే కోర్టు చుట్టూ ఒక రౌండు."

అని, ఆ వెంటనే "సరేనా అండి?" అన్నారు.

నాలిక కరుచుకుని, ట్రాక్ ప్యాంటు పైకి లాక్కుని, ఆ బొజ్జతో ఆయనే మొదటి రౌండు కొట్టారు. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. జాలేసి "మీకెందుకులెండి సార్" అన్నందుకు మాకందరికీ తలో రౌండు పడింది. మొదటి నెల్లో మా కంటే ఆయనే ఎక్కువ పరిగెత్తారు. ఒక్క రౌండు కూడా ఎగ్గొట్టలేదు మహానుభావుడు. ఆయన అలా ఆయాసపడుతుంటే మాకు సాకులు చెప్పడానికి నోరెలా వస్తుంది?

మంగకి మాత్రం గొంతు లేవలేదు. ఒకరోజు పీడీ గారు అడిగారు, "మీ నాన్న పడవ మీద ఉంటే గట్టు మీద నుంచి ఎలా పిలుస్తావు?" అని. అది కాసేపు సిగ్గుపడి, "నాన్నోయ్" అని ఒక్క కేక పెట్టింది. బాస్కెట్ బోర్డు మీద కాకులన్నీ లేచిపోయాయి. ఆఫీసులోంచి ప్రిన్సిపాల్ గారు బయటికొచ్చి చూశారు.

మరుసటి ఏడు మళ్లీ ఫైనల్. ఈసారి మా రాజమండ్రిలోనే. మళ్లీ ఒక్క పాయింటు వెనక, మళ్లీ బాలు నా చేతిలో, మళ్లీ ఇద్దరు నా మీద. నాది ఆఖరి ఏడు. నేనే వేసేద్దామని చెయ్యి ఎత్తాను కూడా...

"ఒసేయ్ రాజీ! ఇటియ్యవే!"

పేరు చాలన్నారు సారు... ఆ ఒసేయ్ మాత్రం దాని సొంతం. ఇంకేం ఆలోచించలేదు, బాలు దాని చేతిలో పెట్టేశాను. అది వేసింది. బాలు రింగు మీద ఒక చుట్టు తిరిగి లోపల పడింది.

గెలిచాం! మంగ పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుని, "ఏమనుకోకండక్కా, నోరు జారింది" అంది. ఏడుస్తూ, నవ్వుతూ అప్పుడు చెప్పాను, "పోయినేడు తప్పు నాదేనే" అని. "నాకు తెలుసండీ" అంది.

ఇప్పుడు బ్యాంకులో ఒక బ్రాంచికి మేనేజర్ని. అందరూ "అలాగే మేడమ్" అంటారు. నేను తప్పు చేస్తున్నానని వాళ్లకి తెలిసినా అలాగే మేడమే! ఈమధ్య మంగ ఫోన్ చేస్తే అడిగాను, "ఒక్కసారి అప్పట్లా కేకెయ్యవే" అని.

"అప్పుడంటే కప్పు కోసం గానీ, ఇప్పుడెందుకండీ అక్కా?" అంది.

ఇప్పుడే కదే ఎక్కువ అవసరం... మనసులోనే అనుకున్నాను.

అలా కేకేసి మిమ్మల్ని ఆపిన మనిషి మీకూ ఒకరుండే ఉంటారు. ఎవరండీ వాళ్లు?